పాత ఫోటో తీసిన చోటే నిలబడితే

మీ జేబులో కొత్త యాభై రూపాయల నోటుంటే తిప్పి చూడండి. హంపి రాతిరథం కనిపిస్తుంది. 1856లో ఆ రథం మీద ఇటుకల గోపురం ఉండేది. మద్రాసు సైన్యంలోని అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే అధికారి తీసిన ఫోటో దానికి సాక్ష్యం.

హంపి మనకు పరాయిదేం కాదు. 1882 దాకా అనంతపురం కూడా బళ్ళారి జిల్లాలోనే ఉండేది. గ్రీన్‌లా మైనం పట్టించిన కాగితాల మీద తీసిన నెగటివ్‌లు చాలాకాలం మరుగునపడి, 1980లో బయటపడ్డాయి. 1983లో ఆస్ట్రేలియా ఫోటోగ్రాఫర్ జాన్ గోలింగ్స్ అతను నిలబడ్డ చోట్లు వెతికి, అవే దృశ్యాలు మళ్ళీ తీశాడు.

ఆ చోటు ఎలా దొరుకుతుంది? దగ్గరి గుండు అంచు, దూరపు కొండ కొస పాత ఫోటోలో ఎలా కలిశాయో చూడాలి. మనం కుడికి జరిగితే దగ్గరి గుండు ఎడమకు పోయినట్టు కనిపిస్తుంది. రెండూ ఫోటోలోలాగే కలిసేదాకా జరుగుతూ పోవాలి. మన సీమలో గుండ్లు కదలవు కాబట్టి పని సులువు, క్వారీ పడని చోట.

ఫోటో ఒక్కోసారి మన నమ్మకాన్నే తిరగేస్తుంది. ఇథియోపియా ఉత్తరాన మనలాంటి కరువు కొండసీమ ఉంది. 1868లో బ్రిటిష్ దండయాత్ర సమయంలో అక్కడ తీసిన ఫోటోల చోట్లకు దాదాపు 140 ఏళ్ళ తర్వాత పరిశోధకులు వెళ్ళారు. చెట్లు తగ్గలేదు, పెరిగాయి. ఊళ్ళవాళ్ళు వాలుల్లో రాతికట్టలు కట్టి, కొన్నిచోట్ల మేత ఆపారు. మన చెన్నేకొత్తపల్లి వైపు కల్పవల్లి గుట్టల్లోనూ 1990ల నుంచి ఊళ్ళవాళ్ళు కాపలా కాసి పచ్చదనం తెచ్చారు. తర్వాత అవే గుట్టల మీద గాలిమరల కోసం రోడ్లు తవ్వారు.

ఓబుళాపురం కథ వేరు. ఇనుప ఖనిజం కోసం అక్కడ కొండలనే తవ్వేశారు. రాష్ట్రాల సరిహద్దు దగ్గరున్న సుగ్గలమ్మ గుడి 2006లో నేలమట్టమైంది. హద్దు గుర్తులు చెరిగిపోయాయి. ఆంధ్ర ఎక్కడ ఆగుతుందో తేల్చడానికి సుప్రీంకోర్టు దాకా వ్యాజ్యం నడిచి, సర్వే ఆఫ్ ఇండియా రావలసి వచ్చింది. పాత ఫోటోలుంటే హద్దు తేలిపోయేదని నేననను. పోయిన కొండ ఎంతటిదో మాత్రం ఎవరూ కాదనలేకపోయేవారు.

ఇది మన తాండాలకెందుకంటారా? అటవీ హక్కుల చట్టం కింద పట్టా అడిగేవాళ్ళు 2005 డిసెంబరు 13కు ముందు నుంచే ఆ భూమి తమ చేతిలో ఉందని చూపాలి. ఉపగ్రహం పైనుంచి చూస్తుంది. తాత పేర్చిన రాతికట్ట ఎంత ఎత్తో, చెలమ ఎక్కడుందో నేల మీద నిలబడి తీసిన ఫోటోలోనే బాగా తెలుస్తుంది. సుగాలీల గురించి దొరలు రాసిన పుస్తకాల్లో మన పేటియా, గాజులు ఉంటాయి. తాండా వెనక గుట్ట ఉండదు.

ఫోన్‌తో ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. కదలని బండ ఒకటి ఎంచుకొని, ఏటా అదే నెలలో, అదే పొద్దులో తీయండి. మే నెల ఎండిన గుట్ట పక్కన అక్టోబరు పచ్చ గుట్ట పెడితే అది పోలిక కాదు, మోసం. తేదీ, నిలబడ్డ చోటు, చూసిన దిక్కు రాసిపెట్టండి. అంతకుముందు ఇంట్లో పెళ్ళి ఆల్బమ్‌లు తీయండి. పెళ్ళికూతురి వెనక కొండ కనిపిస్తే, అది ఎక్కడ తీశారో అవ్వనడిగి, ఆ చోటికి వెళ్ళండి.