ఉప్పునీళ్ల సీమలో తలంటు

అనంతపురం జిల్లాలోని రాప్తాడు చుట్టుపక్కల పల్లెల్లో నీళ్లు రెండు రకాలు: మంచినీళ్లు, ఉప్పునీళ్లు. పప్పు ఉడికితే మంచినీళ్లు, ఉడక్కపోతే ఉప్పునీళ్లు. కడవలతో మోసుకొచ్చిన మంచినీళ్లు తాగడానికీ వంటకీ సరిపోతే చాలు. ఒళ్లు కడుక్కోవడం, బట్టలుతకడం, తలకు పోసుకోవడం ఉప్పునీళ్లతోనే జరిగేవి. అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. పక్కనున్న పండమేరు వంక గట్టి వాన పడితే తప్ప పారదు. భూమి కింద ఉన్నది గట్టి రాయి. దాని సందుల్లో ఏళ్ల తరబడి నిలిచిన నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరుగుతాయి, చాలాచోట్ల ఫ్లోరైడ్ కూడా. ఈ సీమలో తల రుద్దుకునే పద్ధతులను నిర్ణయించింది ముఖ్యంగా ఈ నీళ్లే.

విజయనగర కాలంలో ఈ ప్రాంతానికి ఆధారం చెరువులు. అనంతపురం పక్కనున్న బుక్కరాయసముద్రం చెరువుకు ఆ పేరు బుక్కరాయల వల్లే వచ్చింది. చెరువులో చేరేది వాననీరు కాబట్టి అందులో లవణాలు తక్కువ, తలకు మెత్తగా ఉంటుంది. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, కృష్ణదేవరాయల దినచర్యను రాసిపెట్టాడు. రాయలు తెల్లవారకముందే నువ్వులనూనె తాగి, అదే నూనె ఒళ్లంతా పట్టించుకుని, చెమటతో అది బయటికి వచ్చేదాకా సాము చేసి, ఆ తర్వాతే స్నానం చేసేవాడట. ముందు నూనె, ఆ తర్వాత నీళ్లు అనే ఈ వరుస రాజుకూ రైతుకూ ఒకటే. ఆ శతాబ్దంలోనే లేపాక్షి గుడి కప్పు మీద గీసిన బొమ్మల్లో ఆడవాళ్ల కొప్పులు ఎన్నో తీరుల్లో కనిపిస్తాయి. అంత జుట్టును చిక్కు లేకుండా ఉంచడానికి ఎంత నూనె, ఎంత ఓపిక కావాలో ఆ బొమ్మలు చూస్తే తెలుస్తుంది.

పల్లెల్లో తలకు వాడిన నూనె ఎక్కువగా ఆముదం. ఆముదపు చెట్టు తక్కువ నీటితో బతుకుతుంది, చేను గట్టున వేసినా కాస్తుంది. గింజలను వేయించి, దంచి, నీళ్లలో ఉడకబెడితే నూనె పైకి తేలుతుంది. దాన్ని తేర్చి కాచితే వంటాముదం తయారవుతుంది. చిక్కగా, జిగురుగా ఉండే ఈ నూనె పొడి జుట్టుకు, ఉంగరాల జుట్టుకు బాగా పనికొస్తుంది. ఉంగరాల వెంట్రుక మెలికలు తిరిగి ఉండడంతో మాడులో పుట్టే జిడ్డు కొసదాకా జారదు, కొసలు ఎండిపోతాయి. ఉప్పునీళ్లు తగిలితే ఇంకా గరుకెక్కుతాయి. జిడ్డుతల వాళ్లకు ఆముదం కాస్త ఎక్కువే అవుతుంది. వాళ్లకు నువ్వులనూనె సరిపోయేది.

పెట్టిన నూనెను వదిలించడానికి కుంకుడుకాయ, సీకాయ వాడేవారు. చిగర అనీ చీకిరేణి అనీ పిలిచే చెట్టు మెట్ట అడవుల్లో పెరుగుతుంది. దాని ఆకును ఎండబెట్టి పొడి చేసి తలకు రుద్దుకోవడమూ ఉంది. ఈ మూడింటిలోనూ సాపోనిన్లు అనే నురుగు పదార్థాలున్నాయి. సబ్బు ఉప్పునీళ్లలో నురగదు. కాల్షియంతో కలిసి తెల్లటి తెట్టుగా విరిగి, వెంట్రుకలకు అతుక్కుంటుంది. సాపోనిన్లు అలా విరగవు. అందుకే సబ్బు ఓడిన బావి దగ్గర కుంకుడు గెలిచింది. కుంకుడు శాస్త్రీయ నామంలో ఉన్న సాపిండస్ అనే లాటిన్ మాటకు అర్థం కూడా భారతీయ సబ్బు అనే. నల్లమలలో చెంచులు ఏరిన కుంకుళ్లు 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ద్వారా కూడా అంగళ్లకు చేరాయి.

తలంటు సగం పూట పని. ముందురోజే కాయలను రాతితో చితక్కొట్టి, లోపలి నల్లటి గింజలు తీసేయాలి. తొక్కలను వేడినీళ్లలో నానేసి పిసికితే గోధుమరంగు రసం దిగి, చెంబు అంచుదాకా నురుగు లేస్తుంది. తల వంచి కూర్చున్న పిల్లలకు ఆ రసం కళ్లలో పడితే భగ్గున మండుతుంది. మంట తెలియకుండా నోట్లో ఒక ఉప్పురాయి వేసేవారు. రసం తలకు మంచిదే గానీ వట్టిగా వాడితే వెంట్రుక బిరుసెక్కుతుంది. అందుకే మందారాకు నూరి కలిపేవారు. ఆ ఆకు జిగురు వెంట్రుకను మెత్తబరుస్తుంది. చుండ్రు ఉన్నవారు నానబెట్టిన మెంతులు రుబ్బి పట్టించేవారు, తెల్లబడే జుట్టుకు గుంటగలగరాకు కాచిన నూనె రాసేవారు. తల ఆరాక చిక్కుదువ్వెన, ఆ తర్వాత పేలకు ఈరుబాన. ఆ దువ్వెనలను పూసలవాళ్లు ఊరూరా తిరిగి అమ్మేవారు.

ఇదంతా కట్టెలున్నప్పుడు, తీరికున్నప్పుడు, అన్నిటికన్నా నీళ్లున్నప్పుడు సాగే పని. నురుగంతా పోయేదాకా కడగడానికి ఒక కాగు నీళ్లు చాలవు. ఒక్కొక్క కడవా తలమీద మోసి తెచ్చే ఇంట్లో అది ఆడవాళ్ల నడుం విరిచే పని. పొడుగు జుట్టు ఉన్న ఆడపిల్లకు తలంటు వారాలు వాయిదా పడడం సోమరితనం కాదు, కరువు. బావులు ఎండి బోర్లు లోతుకు పోయేకొద్దీ నీళ్లు ఇంకా ఉప్పెక్కాయి. 1995లో మొదలైన సత్యసాయి తాగునీటి పథకం అప్పటి ఉమ్మడి జిల్లాలో 700కు పైగా గ్రామాలకు కొళాయి నీళ్లు తెచ్చింది. ఊళ్లోకే నీళ్లు రావడంతో చాలామంది ఆడవాళ్లకు ఆ మోత తగ్గింది.

ఇంకో మార్పు తమిళనాడులోని కడలూరు నుంచి వచ్చింది. అక్కడి సి.కె. రంగనాథన్ 1983లో వ్యాపారం మొదలుపెట్టి, చిక్ షాంపూను చిన్న ప్యాకెట్లలో దక్షిణాది పల్లెలకు చేర్చాడు. షాంపూలోని కృత్రిమ నురుగు పదార్థాలు కూడా సబ్బులా విరగకుండా ఉప్పునీళ్లలో నురుగుతాయి. కుంకుడును అంతకాలం నిలబెట్టిన గుణమే షాంపూకూ ఉంది. దానికి దంచడం, నానబెట్టడం అక్కర్లేదు. సేద్యానికి పోయి పొద్దుగూకి వచ్చిన మనిషికి ఒక్క ప్యాకెట్టుతో తలస్నానం అయిపోయింది. నూనె పెట్టుకోవడం మాత్రం తగ్గింది. ఆముదం ముందుగా పట్టించకుండా వట్టి తలకు ఉప్పునీళ్లు, షాంపూ తగిలితే ఉంగరాల జుట్టు ముందుగా పెళుసెక్కుతుంది.

అనంతపురం పాతూరు అంగళ్లలో ఇప్పటికీ కుంకుళ్లు తూకానికి దొరుకుతాయి. ఉగాదికీ దీపావళికీ వాటిని కొనే ఇళ్లు ఉన్నాయి. ఆ పండుగ రోజుల్లో తెల్లవారుజామునే పిల్లల మాడు మీద నూనె చరిచి, కాగులో వేడినీళ్లు తోడి, కుంకుడు రసంతో తల రుద్దుతారు.