అణుపదార్థములకు అనుజ్ఞాపత్రము



తుపాకి యుంచుకొనుటకు లైసెన్సు కావలయునని మీరెల్లరు నెరిగినదే. సొంతదారు మరణించినచో దానిని ఠాణాలో అప్పగింతురు. అంతటితో దాని కథ ముగియును. నేడు నేను చెప్పబోవు వస్తువు అట్టిది కాదు. ఇనుపపెట్టెలో పెట్టి తాళము వేసి మరచినను అది ఊరకుండదు. కంటికి కనబడని కిరణములను రాత్రింబవళ్లు వెడలించుచునే యుండును. కోబాల్టు 60 అను పదార్థము బలము సగమగుటకు 5 ఏండ్లకు మించి పట్టును. సీజియము 137నకు 30 ఏండ్లు. రేడియమునకు 1,600 ఏండ్లు. లైసెన్సు పుచ్చుకొన్నవాడును, వాని మనుమలును గతించినను రేడియము మిగిలియే యుండును. కావుననే యిట్టి పదార్థములను వాడదలచినవాడు పెట్టుకొను దరఖాస్తులో "ఇది నీకెందుకు?" అను ప్రశ్న కంటె "పని తీరిన పిమ్మట దీనినేమి చేయుదువు?" అను ప్రశ్నయే బరువైనదని నా యభిప్రాయము. ఆ ప్రశ్నకు ఎట్టి మూల్యము చెల్లింపబడెనో చరిత్ర చెప్పుచున్నది.

1898లో పారిస్ నగరమున క్యూరీ దంపతులు రేడియమును కనుగొనిరి. పిమ్మట ముప్పది యేండ్ల వరకు లోకమునకు దానియందు భయము లేదు, వ్యామోహమే కలదు. చీకటిలో మెరయునని దానిని గడియారముల అంకెలకు పూసిరి. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున 1917 మొదలు పడుచుపిల్లలు ఈ పనిలో చేరిరి. కుంచె మొన సన్నబడుటకు దానిని పెదవులతో తడిపి తీర్చుడని వారికి నేర్పిరి. హాని లేదని కూడ చెప్పిరి. కొన్నియేండ్లకు వారి దవడ యెముకలు కుళ్లిపోయెను. అయిదుగురు స్త్రీలు 1927లో దావా వేయగా, మరుసటి యేట రాజీ కుదిరెను. మరియొక ధనికుడు రేడియము కలిపిన నీటిని బలమునకు మందని వందలకొలది సీసాలు త్రాగి 1932లో మరణించెను. ఆ నీరు అమ్మినవానిని "నీకెవరు అనుమతి యిచ్చిరి?" అని యడుగుటకు నాడు చట్టము లేదు.

లైసెన్సు పద్ధతి అణుబాంబు వెనువెంట వచ్చినది. 1946లో అమెరికా అణుశక్తి చట్టము చేసెను. ఆ యేడు ఆగస్టు 2వ తేదీన ఓక్ రిడ్జి అణుకేంద్రము నుండి కార్బను 14 మొదటిసారిగా సెయింట్ లూయీ నగరపు కాన్సరు ఆసుపత్రికి చేరినది. కోరినవారందరికి ఇచ్చుట లేదు. అడుగువాడెవడు, వాని చదువెంత, పని యేమి అని విచారించిరి. మనుష్యుల శరీరమున వాడదలచినచో వేరుగ ఒక సంఘము పరిశీలించెను. ఇందొక వింత కలదు. ఆ చట్టము కొలిమిలో పుట్టిన క్రొత్త పదార్థములనే తలచుకొన్నది గాని, అంతమందిని చంపిన ప్రాత రేడియమును మరచినది. అక్కడి కేంద్ర ప్రభుత్వపు అదుపులోనికి రేడియము 2005 నాటి చట్టముతో గాని రాలేదు.

మన దేశమున 1948లో అణుశక్తి చట్టమును, హోమీ భాభా అధ్యక్షతను సంఘమును ఏర్పడెను. 1956లో ట్రాంబేలో అప్సర అను అణుకొలిమి వెలిగినది. 1962 నాటి చట్టము, వ్రాతపూర్వకమైన అనుమతి లేక ఇట్టి పదార్థమును ఉంచుకొనుటను, వాడుటను, బదిలీ చేయుటను, పారవేయుటను నిషేధించు అధికారమును కేంద్ర ప్రభుత్వమునకు ఇచ్చినది. కిరణరక్షణ నిబంధనలు 1971లో వచ్చెను. వానిని అమలుపరుచు అణుశక్తి నియంత్రణ మండలి 1983లో ఏర్పడెను. 2004లో నిబంధనలను మరల వ్రాసిరి. దరఖాస్తుదారుడు పదార్థము పేరు, పరిమాణము, గది పటము, గోడల మందము, కిరణములను కొలుచు సాధనములు తెలుపవలెను. రక్షణాధికారిగా శిక్షణ పొందినవానిని నియమింపవలెను. పనివారి రొమ్మున కిరణముల లెక్క చూపు బిళ్ల యుండవలెను. పని ముగిసిన పదార్థమును ఎవరు తిరిగి తీసికొందురో కూడ ముందే తేల్చవలెను.

ఇంత చిక్కు ఏల, ఆ పదార్థములనే మానివేయరాదా యని మీరడుగవచ్చును. పుట్టకురుపును కాల్చుటకు ఆసుపత్రులలో కోబాల్టు ఎన్నియో యేండ్లుగా పనిచేయుచున్నది. తెలుగునాట రైతులు సాగుచేసిన టి.ఏ.జి. 24 అను వేరుసెనగ రకము ట్రాంబేలో కిరణముల సాయమున కల్పించినదే. ఆ గింజలో కిరణములు లేవు, భయపడకుడు.

ఇక బ్రెజిలు దేశమున గోయానియా పట్టణమున జరిగినది వినుడు. అచట ఒక వైద్యశాల 1985 చివర వేరొక చోటికి తరలిపోవుచు, సీజియము గల యంత్రమును ప్రాత కట్టడములోనే విడిచిపోయెను. వారికి లైసెన్సు కలదు. యంత్రమును వదలినచో అధికారులకు తెలుపవలెనని అందు షరతును కలదు. వారు తెలుపలేదు. 1987 సెప్టెంబరులో ఇద్దరు మనుష్యులు ఆ పాడుబడిన యింట దూరి, అమ్ముకొనవచ్చునని యంత్రపు తలను ఊడదీసిరి. దానిని కొన్న ప్రాతసామానుల వర్తకుడు రాత్రివేళ అందు నీలికాంతిని చూచి ముచ్చటపడి, చుట్టములను పిలిచి బియ్యపుగింజలంత ముక్కలు పంచిపెట్టెను. అతని సోదరుని బిడ్డ, ఆరేండ్ల పిల్ల, ఆ పొడి అంటిన చేతులతోనే అన్నము తిన్నది. ఇంటిల్లిపాదికి జబ్బు చేయగా, ఆ కాంతియే కారణమని మొదట శంకించినది వర్తకుని భార్య. ఆమె మిగిలిన దానిని సంచిలో పెట్టించి, బస్సులో ఆరోగ్యశాఖవారి యొద్దకు కొనిపోయెను. ఆమెయు, ఆ పిల్లయు, మరి యిద్దరును మరణించిరి. ఆటస్థలమున 1,12,000 మందిని పరీక్షింపగా 249 మందికి పదార్థము అంటియుండెను.

దూరదేశపు మాట యని తలపవలదు. ఢిల్లీ విశ్వవిద్యాలయము వారు 1968లో, అనగా మన నిబంధనలకు మూడేండ్లు ముందు, కెనడానుండి కోబాల్టు యంత్రము నొకదానిని తెప్పించిరి. 1985 తరువాత దానిని వాడినవారు లేరు. తెచ్చినవారు ఉద్యోగములు విరమించిరి. అదేమో ఎరిగినవారు మిగులలేదు. 2010 ఫిబ్రవరిలో తుక్కుతోపాటు దానిని వేలము వేసిరి. మాయాపురి బజారులోని పనివారు దానిని విప్పి కోసిరి. ఏప్రిలులో ఒకరు మరణించిరి, పలువురు ఆసుపత్రిపాలైరి. నియంత్రణ మండలి విశ్వవిద్యాలయమును సంజాయిషీ అడిగినది. అణుశాస్త్రజ్ఞులు ఆ బజారున దుకాణము దుకాణము వెదకి, దొరకిన కోబాల్టును సీసపు పెట్టెలలో భద్రపరచి, నరోరా అణువిద్యుత్కేంద్రమునకు చేర్చిరి.