ఎఫ్రినా కూడలిలో డాన్సు హాలు

ఐర్లండ్‌లోని లీట్రిమ్ కౌంటీలో, కారిక్ ఆన్ షానన్ పట్టణానికి చేరువలో ఎఫ్రినా ఉంది. చెప్పుకోదగ్గ ఊరేమీ కాదు. ఓ కూడలి, విసిరేసినట్టున్న ఇళ్లు, చిన్న చిన్న కమతాలు. గావెల్, డ్రమ్స్నా చుట్టుపక్కల పల్లెలు. ఇక్కడి ఓ డాన్సు హాలు మీద మొదట చర్చి, తర్వాత ప్రభుత్వం కన్నెర్ర చేశాయి.

ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో ఐర్లండ్ పల్లెల్లో వేసవి ఆదివారం సాయంత్రమైతే కుర్రకారు కూడళ్లలో పోగయ్యేది. ఒకరు ఫిడేలో మెలోడియనో అందుకుంటే మిగతావాళ్లు జంటలు కట్టి రోడ్డు మీదే ఆడేవారు. వానొస్తే ఆట బందు. ఎఫ్రినాలో పుట్టి 1909లో అమెరికా వెళ్లిన జిమ్మీ గ్రాల్టన్ 1921లో తిరిగొచ్చి, తల్లిదండ్రుల పొలంలో ఓ హాలు కట్టడానికి పూనుకున్నాడు. ఇరుగుపొరుగు తలో చెయ్యి వేశారు. 1916 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్‌వాళ్లు కాల్చి చంపిన ఇద్దరు నాయకుల పేరిట అది పియర్స్-కానలీ హాలు అయింది.

డాన్సుతోనే ఆగితే గొడవ అంత ముదిరేది కాదేమో. భూమి తగాదాల పంచాయితీలూ అక్కడే నడిచేవి. బేదఖలైన కుటుంబాలను మళ్లీ వాళ్ల పొలాల్లోకి చేర్చేందుకు గ్రాల్టన్ బృందం పూనుకుంది. పెద్ద రైతులకు అది కంటగింపు. 1922లో సైన్యం వెంటపడడంతో అతను మళ్లీ అమెరికా చేరాడు.

పదేళ్లకు, 1932లో తిరిగొచ్చి హాలు తెరిచాడు. ఈసారి కమ్యూనిస్టు అన్న ముద్ర కూడా తోడైంది. చర్చిలో అతనికి వ్యతిరేకంగా ప్రసంగాలు హోరెత్తాయి. డాన్సు జరుగుతుండగా హాలు మీద కాల్పులు జరిగాయి. ఆ డిసెంబరు 24 రాత్రి దాన్ని తగలబెట్టారు. అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు కాబట్టి విదేశీయుడేనంటూ 1933లో ప్రభుత్వం అతనికి దేశ బహిష్కరణ విధించింది. జనం ఇళ్లలో నెలల తరబడి తలదాచుకున్నా ఆగస్టులో దొరికిపోయాడు. పుట్టిన దేశం నుంచే న్యూయార్క్ ఓడ ఎక్కించారు.

హాలు బూడిదైనా డాన్సు మీద పోరు ఆగలేదు. 1934 జనవరి 1న అదే కౌంటీలోని మోహిల్‌లో ఫాదర్ పీటర్ కాన్‌ఫ్రీ నాయకత్వంలో వేలమంది జాజ్ డాన్సులకు వ్యతిరేకంగా ఊరేగారు. మరుసటి ఏడాది వచ్చిన చట్టం బహిరంగ డాన్సులకు కోర్టు లైసెన్సు తప్పనిసరి చేసింది. దాన్ని చూపించి పోలీసులు, ఫాదర్లు ఇళ్లలో, కూడళ్లలో జరిగే డాన్సులనూ ఆపించారు.

గ్రాల్టన్ 1945లో న్యూయార్క్‌లోనే చనిపోయాడు. 2014లో కెన్ లోచ్ అతని మీద ‘జిమ్మీస్ హాల్’ సినిమా తీశాడు. 2016లో ఐర్లండ్ అధ్యక్షుడు మైకేల్ డి. హిగిన్స్ ఎఫ్రినా వచ్చి స్మారకం ఆవిష్కరించి, ఆ బహిష్కరణ తప్పేనని బహిరంగంగా చెప్పాడు.