నొక్కు... పట్టుకో...

1921లో డ్యూసెన్‌బర్గ్, 1924లో క్రైస్లర్ నాలుగు చక్రాలకీ హైడ్రాలిక్ బ్రేకులు పెట్టినా, ఫోర్డ్ కార్లు 1939 దాకా ఇనుప కడ్డీలనే నమ్ముకున్నాయి. మొండితనం అనుకునేవాణ్ణి.

మొన్న శనివారం మా కారు బ్రేక్ పెడల్ మెత్తగా కిందికి దిగిపోయింది. అప్పుడర్థమైంది. నొక్కితే ద్రవం కుదించుకుపోదు, గాలి పోతుంది. చిన్న బుడగ చాలు. గొట్టం చిల్లిపడితే అసలు బ్రేకే ఉండదు. అమెరికాలో రెండు విడి లైన్లు తప్పనిసరి అయింది 1968లో గానీ కాదు.

కారుని స్టాండ్ల మీద నిలబెట్టి, మావాణ్ణి సీట్లో కూర్చోబెట్టాను. "నొక్కు... పట్టుకో." నేను నిపిల్ వదులు చేస్తే బుడగలొచ్చాయి. మళ్ళీ బిగించేదాకా వాడు కాలు తియ్యకూడదు, తీస్తే గాలి వెనక్కి పీల్చుకుంటుంది. పైన డబ్బా ఖాళీ కాకుండా ఫ్లూయిడ్ పోస్తూనే ఉండాలి.

"నాన్నా, రాయిలా ఉంది!"

అయినా వీధి చివరిదాకా నడక వేగంతోనే తీసుకెళ్ళాను.