తెల్ల సూటులో రెండు నిమిషాలు: ఎలియట్ స్మిత్ కథ



2023 మార్చిలో 'నాటు నాటు'కి ఆస్కార్ వచ్చిన పొద్దున గుర్తుందా? బెస్ట్ ఒరిజినల్ సాంగ్ అనగానే నేనైతే మంచం మీంచి ఎగిరి దూకాను. ఇవాళ అదే కేటగిరీలో, దానికి 25 ఏళ్ల ముందు ఓడిపోయిన ఒక పాట గురించి చెప్తాను. అది రాసి పాడిన ఎలియట్ స్మిత్ గురించి.

1998 మార్చి 23, లాస్ ఏంజెలెస్. అది 'టైటానిక్' ఏడాది. ఆ ఒక్క రాత్రే ఆ సినిమాకి 11 ఆస్కార్లు. పాటల పోటీలో సెలిన్ డియాన్ పాడిన 'మై హార్ట్ విల్ గో ఆన్' ఉంది. దానికి పోటీగా 'గుడ్ విల్ హంటింగ్' సినిమా నుంచి 'మిస్ మిజరీ'. ఎలియట్ మొదట స్టేజ్ మీద పాడనన్నాడు. నువ్వు పాడకపోతే ఇంకొకరితో పాడిస్తాం అనేసరికి ఒప్పుకున్నాడు. తెల్ల సూటు, చేతిలో గిటార్, రెండు నిమిషాలు కూడా లేకుండా కుదించిన పాట. ప్రైజ్ రాలేదు. కానీ తర్వాత ఎవరైనా సెలిన్ డియాన్‌ని వెక్కిరిస్తే ఊరుకునేవాడు కాదు. స్టేజ్ వెనక తను భయపడుతుంటే ఆవిడ వచ్చి ధైర్యం చెప్పిందని, చాలా మంచి మనిషని చెప్పేవాడు.

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నేను ఎలియట్ పాటలు వినకముందే అతను ఎలా పోయాడో చదివాను. 2003 అక్టోబర్ 21న, 34 ఏళ్లకే. దాంతో హాస్టల్లో అర్ధరాత్రి విన్న ప్రతి పాటా నాకు చావు ఉత్తరంలాగే వినిపించింది. "పాపం, ఎంత బాధలో ఉన్నాడో" అనుకోవడమే తప్ప, ఆ పాట ఎలా కట్టాడో ఒక్కసారీ పట్టించుకోలేదు.

అసలు కథ పోర్ట్‌లాండ్‌లో మొదలైంది. 90ల మొదట్లో అమెరికాలోని ఆ వాయవ్య మూల అంతా గ్రంజ్ హోరు. ఎలియట్ కూడా హీట్‌మైజర్ అనే బ్యాండ్‌లో గట్టిగా అరిచి పాడేవాడు. పక్కనే, ఒక ఇంటి బేస్‌మెంట్లో, నాలుగు ట్రాకుల రికార్డర్ ముందు కూర్చుని గుసగుసలాంటి గొంతుతో వేరే పాటలు రికార్డ్ చేసుకున్నాడు. అవే 1994లో 'రోమన్ క్యాండిల్' ఆల్బమ్‌గా వచ్చాయి. పెద్ద స్టూడియో లేదు, పెద్ద కంపెనీ లేదు. ఇండీ అంటే అదన్నమాట.

ఆ గుసగుసలో ఒక రహస్యం ఉంది. అతను ఒకే లైన్‌ని రెండుసార్లు పాడి, ఒకదాని మీద ఒకటి పేర్చేవాడు. దీన్ని డబుల్ ట్రాకింగ్ అంటారు. రెండు గొంతుల మధ్య వెంట్రుకవాసి తేడా వల్ల పాట మెత్తగా, మందంగా వినిపిస్తుంది. ఎలియట్‌కి ప్రాణమైన బీటిల్స్ కూడా ఇది చేసేవాళ్లు. రెండోసారి పాడటం విసుగై, 1966లో దానికోసం అబ్బే రోడ్ స్టూడియోలో ఒక టెక్నికల్ చిట్కానే కనిపెట్టించుకున్నారు. ఎలియట్ మాత్రం చేత్తో చేసే పనిలా మళ్లీ మళ్లీ పాడేవాడు.

ఒకరోజు నేను ఫోన్లో యాప్ పెట్టుకుని ట్రై చేశాను. నాలుగు లైన్ల పాట. మొదటిసారి పీల్చిన చోటే ఊపిరి పీల్చాలి, మొదటిసారి సాగదీసిన అక్షరాన్నే అంతే సాగదీయాలి. రెండు గంటలు కూర్చున్నా కుదరలేదు. అప్పుడు సిగ్గేసింది. బాధలో మునిగిపోయి ఊరికే ఏడ్చిన మనిషి ఇంత కొలత పెట్టి పని చేయలేడు. బాధ నిజమే. మద్యంతో, డ్రగ్స్‌తో అతను పడిన పోరాటమూ నిజమే. కానీ మనం వింటున్నది ఆ బాధను కాదు, దాంతో అతను ఓపిగ్గా కట్టిన వస్తువుని.

ఆస్కార్ తర్వాత డ్రీమ్‌వర్క్స్ లాంటి పెద్ద కంపెనీ తరఫున 1998లో 'ఎక్స్‌ఓ', 2000లో 'ఫిగర్ 8' వచ్చాయి. రెండోదాంట్లో కొంత ఆ అబ్బే రోడ్‌లోనే రికార్డ్ చేశాడు. బేస్‌మెంట్ కుర్రాడు తన గురువుల గదికి చేరాడు!

అతని చావు ఆత్మహత్యా, కాదా అన్నది వైద్య పరీక్షలో కూడా తేలలేదు. ఇంటర్నెట్లో జనం ఇప్పటికీ దానిమీదే కొట్టుకుంటారు. దగ్గరివాళ్లు చేసిన పని వేరు. అతను సగంలో వదిలేసిన పాటల్ని రాబ్ ష్నాఫ్, జోవానా బోమ్ పూర్తి చేసి 2004లో 'ఫ్రమ్ ఎ బేస్‌మెంట్ ఆన్ ద హిల్'గా తెచ్చారు. 'ఫిగర్ 8' కవర్ మీద అతను నిలబడ్డ గోడ లాస్ ఏంజెలెస్‌లో సన్‌సెట్ బులెవార్డ్ మీద ఉంది. ఫ్యాన్స్ దానిమీద అతనికి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు.

నేనూ ఇప్పుడు వేరేగా వింటున్నా. మీరు ఎలియట్‌ని ఇంతవరకూ వినకపోతే, ఒక్క రిక్వెస్ట్. చావు గురించి గూగుల్ చేయకండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ముందు 'బిట్వీన్ ద బార్స్' వినండి. ఒకే మనిషి రెండుసార్లు పాడిన చోటు దొరికితే, కింద కామెంట్లో చెప్పండి. మళ్లీ కలుద్దాం.