తొలిచూలు – బొగ్గు ఊరు

తొలి కాన్పు పుట్టింట జరగడం మన ఆచారం. గోదావరిఖని కార్మికవాడల్లో అసలు పరీక్ష ఆ తర్వాతే మొదలయ్యేది. పసిగుడ్డుతో క్వార్టరుకు తిరిగివచ్చిన ఎందరో బాలింతలకు అమ్మా, అత్తా పల్లెల్లోనే ఉండిపోయారు. రాత్రి షిఫ్టు దిగిన భర్త నిద్ర చెడకుండా ఏడ్చే బిడ్డను ఎత్తుకొని వాకిట కూర్చోవాలి. లాల పోయడం నేర్పేది పక్కింటి అక్కే.

1952 నాటి గనుల చట్టం స్త్రీలకు భూగర్భంలో పని నిషేధించింది. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం గనుల ఉద్యోగినులకు 12 వారాల సెలవునిచ్చింది. 2017 సవరణ తొలి రెండు కాన్పులకు దానిని 26 వారాలు చేసింది. కార్మికుని ఇల్లాలు మాత్రం ఈ లెక్కల్లో లేదు.

బొగ్గు తవ్వినవారి చరిత్ర వ్రాసుకున్నాము. ఆ ఇండ్లలో ఒంటరిగా తల్లితనం నేర్చుకున్నవారిది వ్రాయవలసే ఉంది. మిత్రులారా, మీ ఇంటి పెద్దమ్మలను అడిగి వ్రాయండి.