పెన్న తొలివరద

వరదనాటి యెఱ్ఱనీటిని కడవలో బోసి, చిల్లగింజ నరగదీసి కలిపి, మఱునాటి ప్రొద్దున తేటనీరు వంచుకొనుట మన పెద్దలెఱిగిన పద్ధతియే. ఆ తేటనీటిని గాజుపాత్రలో బోసి చూచినచో ఒక్కొకప్పుడు లేత కషాయపు వన్నె కనబడును. ఒండ్రు అడుగంటినది గాని వన్నె అడుగంటలేదు. ఆకులలములు, గడ్డి, పేడ, చివికిన వేళ్లు, వీని సారము నీట కరిగిపోయినది. అతి సన్నని వడపోతకును చిక్కని యీ సారమును శాస్త్రజ్ఞులు కరిగిన సేంద్రియ కర్బన మందురు.

త్రాగునీటికి దీనితో తగవు కలదు. క్లోరిను దీనితో గూడి క్లోరోఫారము పుట్టించునని 1974లో నెదర్లాండ్సు దేశపు రసాయనజ్ఞుడు యోహాన్నెస్ రూక్ చూపెను. కావున క్లోరిను కలుపుటకు ముందే పటికతో దీనిని కొంతయైన తొలగింపవలెను.

పెన్న నందికొండలలో పుట్టి, 597 కిలోమీటర్లు నడచి, ఊటుకూరు చెంత సముద్రమును జేరును. నెల్లూరునకు ముఖ్యమైన వానలు ఆశ్వయుజ కార్తికములలోనివి. వేసవియెల్ల ఎండిన యాకును తొలివాన నానవేయును. అందుచే ఇట్టి నదులలో మొదటి వెల్లువయందు సారము చిక్కగా నుండుట సాధారణము. పిదప పలుచనగును, ఐనను నీరు మిక్కుటమగుటచే సముద్రమునకు జేరు మొత్తము వరదదినములలోనే హెచ్చు. వేసవి మడుగులలోని సారము వేఱు. అది పాచివలనను ఊరి మురుగువలనను గలుగును.

ఈ ఋతుధర్మముపై మనుజుడు చేయి వేసిన కథ 1855లో నెల్లూరు ఆనకట్టతో నారంభము. తరువాత సంగము ఆనకట్ట లేచెను. ఇవి కాలువలకు నీరు మళ్లించినవేగాని వెల్లువ వీనిపై పొర్లి సాగిపోయెడిది. 1975లో మొదలిడిన సోమశిల తీరు వేఱు. 78 టీఎంసీలు పట్టు ఆ జలాశయమున నీరు నెలలు నిలుచును. నిలిచిన సారమును సూక్ష్మజీవులు తినును, ఎండ విఱుచును, పాచి క్రొత్తదానిని చేర్చును. తూములనుండి తరువాత విడిచిన నీరు తొలివరద కాదు. డెల్టా వరిచేలకు గలిగిన మేలును నేను కాదనను. కాని సముద్రము పాలైన నీరు వ్యర్థమను మాట తఱచు వినుచున్నాము. ఏటిమొగలో వల వేయు జాలరి నడిగిన నట్లనడు. ఆ సారము సూక్ష్మజీవులకు మేత, అవి చిన్నపురుగులకు, అవి రొయ్యపిల్లలకును చేపపిల్లలకును మేత.

2021 నవంబరులో ఉపనదియైన చెయ్యేటిపై అన్నమయ్య ఆనకట్ట తెగెను. పెన్న పొంగి పడుగుపాడు కడ రైలుకట్టను కోసివేసెను. ఆ దినములలో సోమశిలయు వెల్లువను పట్టజాలక క్రిందికి విడిచెను. ఊళ్లు మునిగిన యా వారమున పెన్న తన పూర్వపు తీరుననే ఆకుల సారముతో గూడ సముద్రమునకు బోయెను.